నీటి కొరత: చేవెళ్ల, మొయినాబాద్‌లో వ్యాపారం చేస్తున్నారా? బోరు ఎండకముందే ఈ లెక్క వేసుకోండి..

పూల తోట, కోళ్ల ఫారం, ఫంక్షన్ హాల్, రిసార్ట్, హాస్టల్.. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఏ వ్యాపారం చూసినా దాని కింద ఒక బోరు ఉంటుంది. బోరు పోస్తున్నన్ని రోజులు నీళ్ల గురించి ఎవరూ ఆలోచించరు. ఆగిన రోజు మాత్రం వ్యాపారమే ఆగుతుంది. అద్దె, కరెంట్ బిల్లు, బ్యాంక్ కిస్తీలకు లెక్క రాసే యజమానులు నీళ్లకు మాత్రం లెక్క రాయరు. అసలు ఈ ప్రాంతంలో నీటి రిస్క్ ఎందుకు ఎక్కువ? దాన్ని ముందే ఎలా పసిగట్టాలి? ఖర్చు ఎక్కడ పెడితే లాభం, ఎక్కడ పెడితే వృథా? పూర్తి వివరాలు ఇవీ..

పక్కనే జలాశయాలు.. అయినా కొరత ఎందుకు?

1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌ను కాపాడేందుకు కట్టినవే జంట జలాశయాలు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే అందరికీ తెలిసిన గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చింది. ఈ రెండింటికీ నీళ్లొచ్చే ఎగువ ప్రాంతంలోనే మొయినాబాద్, చేవెళ్ల ఉన్నాయి. వాన నీళ్లు ఇక్కడి పొలాలు, వాగుల మీదుగానే కిందికి పోతాయి. కానీ ఆ జలాశయాలు కట్టింది నగరం కోసం. ఒడ్డున ఉన్న రిసార్ట్‌కు గానీ, పూల రైతుకు గానీ అందులో వాటా లేదు. వాళ్లకు మిగిలింది భూగర్భ జలమే.

ఆ భూగర్భ జలానికీ ఒక హద్దు ఉంది. ఇక్కడిది గట్టి రాతి నేల. ఎక్కువ భాగం గ్రానైట్, వికారాబాద్ వైపు వెళ్లేకొద్దీ నల్లరాయి. ఇలాంటి నేలలో నీళ్లు పైనున్న మెత్తటి పొరలో, దాని కింద రాతి పగుళ్లలో మాత్రమే నిలుస్తాయి. లోతుకు వెళ్లేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. అందుకే 'ఇంకో రెండు వందల అడుగులు దింపితే పడుతుంది' అనే మాట చాలాసార్లు డబ్బులు పోగొట్టే మాటే. ఒకవేళ పడినా, అది పక్క బోరు తాగే పగులులోంచే కావచ్చు. ఇవాళ మీ బోరు పొరుగు బోరును ఎండగడితే, రేపు అంతకంటే లోతైన బోరు మీ బోరును ఎండగడుతుంది.

మరి కాలువ నీళ్లు? దీనికి చేవెళ్ల కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ప్రాణహిత-చేవెళ్ల ప్రాజెక్టు పేరులోనే ఈ ఊరు ఉంది. గోదావరి ఉపనది ప్రాణహిత నీళ్లను ఇక్కడిదాకా తేవాలన్నది ప్లాన్. తెలంగాణ వచ్చాక దాన్ని రీడిజైన్ చేశారు, అది కాళేశ్వరంగా మారింది. పేరులోంచి చేవెళ్ల పోయింది. రంగారెడ్డి జిల్లా ఆశలు 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల వైపు మళ్లాయి. ప్రాజెక్టులు వస్తే మంచిదే. కానీ పదిహేనేళ్ల లోన్ తీసుకునే వ్యాపారి రేపు వచ్చే కాలువను ఇవాళ్టి లెక్కలో రాసుకోవడం మాత్రం ప్రమాదం.

ఇక మిషన్ భగీరథ సంగతి. గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కతో డిజైన్ చేసిన తాగునీటి పథకం ఇది. అందులో మొదటి హక్కు ఇళ్లది. లాన్ తడపడానికో, షెడ్డు కడగడానికో ఆ నీళ్ల మీద ఆధారపడటం కుదరదు. పైగా చేవెళ్ల, మొయినాబాద్ 2025లో మున్సిపాలిటీలయ్యాయి. ఇళ్లు, అపార్ట్‌మెంట్లు పెరిగేకొద్దీ అదే నేల మీద వాటాదారులు పెరుగుతారు.

రిస్క్ ఒక్కటి కాదు.. మూడు

నీటి రిస్క్ అనగానే బోరు ఎండటమే గుర్తొస్తుంది. కానీ వ్యాపారానికి అది మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది: నీళ్లే లేకపోవడం. 2019 జూన్‌లో చెన్నైలో జరిగింది ఇదే. నగరానికి నీళ్లిచ్చే నాలుగు ప్రధాన జలాశయాలు దాదాపు ఎండిపోయాయి. ఐటీ కంపెనీలు ఉద్యోగులను ఇంటి నుంచే పని చేయమన్నాయి. హోటళ్లు మధ్యాహ్న భోజనాలు తగ్గించాయి. 2024 మార్చిలో బెంగళూరు వంతు వచ్చింది. తాగునీటితో కారు కడిగినా, తోట తడిపినా 5,000 రూపాయల ఫైన్ అన్నారు. ట్యాంకర్ రేట్లకు ప్రభుత్వమే పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఆ రెండు నగరాల్లోనూ డబ్బున్నవాళ్లు సైతం ట్యాంకర్ కోసం క్యూలో ఉన్నారు.

రెండోది: రూల్స్ రిస్క్. చేవెళ్ల-మొయినాబాద్ వాళ్లకు ఇది కొత్త కాదు. జంట జలాశయాలను కాపాడేందుకు 1996 మార్చిలో వచ్చిన జీవో 111, పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలపై నిషేధం పెట్టింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో నూనెల పరిశ్రమ పెట్టాలనుకున్న సురానా ఆయిల్స్ కేసు దీనికి ఉదాహరణ. కంపెనీ స్థలం కొంది, కొన్ని అనుమతులు తెచ్చుకుంది, ప్రభుత్వం నుంచి మినహాయింపు కూడా పొందింది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999, 2000 తీర్పుల్లో తాగునీటి జలాశయాల రక్షణే ముఖ్యమని కోర్టు తేల్చింది. ఇచ్చిన మినహాయింపు చెల్లలేదు. అంటే చేతిలో ఒక అనుమతి కాగితం ఉన్నంత మాత్రాన రిస్క్ పోదు.

ఆ తర్వాత 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చింది. 2023 మేలో జీవో 111ను ఎత్తేయాలని అప్పటి కేబినెట్ నిర్ణయించింది. అంతలోనే 2024లో హైడ్రా ఏర్పడింది. ఆ ఏడాది ఆగస్టులో గండిపేట జలాశయం ఎఫ్‌టీఎల్ పరిధిలో, ఖానాపూర్, చిలుకూరు వైపు నిర్మాణాలను కూల్చేసింది. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు. వేసవిలో ఎండి మైదానంలా కనిపించే స్థలం కాగితాల్లో చెరువే కావచ్చు.

మూడోది: ఊరితో తగువు. కేరళ పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడలో 2000లో కోకా-కోలా ప్లాంట్ మొదలైంది. తమ బావులు ఎండుతున్నాయని, నీళ్లు పాడవుతున్నాయని ఊరివాళ్లు 2002 నుంచి ఉద్యమించారు. పంచాయతీ లైసెన్స్ రెన్యువల్ చేయలేదు. 2004 మార్చిలో ఉత్పత్తి ఆగింది. ప్రపంచంలోనే పెద్ద కంపెనీల్లో ఒకటి ఒక గ్రామ పంచాయతీ ముందు ఆగిపోయింది. పక్క పొలం రైతు బోరు ఎండుతున్నప్పుడు గోడ లోపల స్విమ్మింగ్ పూల్ నిండుగా ఉంటే, ఆ తగువు ఎక్కడికైనా రావచ్చు.

లెక్క ఎలా వేయాలి? ఐదు స్టెప్పులు..

1. రోజుకు ఎన్ని లీటర్లు?

మోటారు పైపుకు ఒక వాటర్ మీటర్ పెట్టడం మొదటి పని. మీటర్ లేకపోతే 1,000 లీటర్ల సింటెక్స్ ట్యాంకు రోజుకు ఎన్నిసార్లు నిండుతోందో రాసుకున్నా చాలు. వాడకాన్ని విడగొట్టి రాయాలి. ఉదాహరణకు 40 గదుల రిసార్ట్ అనుకుందాం. 80 మంది గెస్టులకు మనిషికి 200 లీటర్ల చొప్పున 16,000. కిచెన్, లాండ్రీకి 6,000. లాన్‌కు 8,000. మొత్తం రోజుకు 30,000 లీటర్లు.

2. బోరు ఎంత ఇస్తోంది?

1,000 లీటర్ల ట్యాంకు నిండటానికి ఎన్ని నిమిషాలు పడుతోందో చూడాలి. 12 నిమిషాల్లో నిండితే గంటకు 5,000 లీటర్లు. రోజుకు ఆరు గంటలు నడిపితే పై రిసార్ట్‌కు సరిగ్గా సరిపోతుంది. ఇదే పరీక్ష ప్రతి నెలా ఒకే తేదీన చేయాలి. నిమిషాలు పెరుగుతున్నాయంటే బోరు హెచ్చరిస్తున్నట్టే. ఉదయం మోటారు వేయకముందు బోరులో నీళ్లు ఎన్ని అడుగుల కింద ఉన్నాయో కూడా కొలిపించుకుంటే ఇంకా మంచిది. రాష్ట్ర భూగర్భ జల శాఖ తన పరిశీలక బోర్ల ద్వారా నీటి మట్టాలను ప్రతి నెలా కొలుస్తుంది. ఆ లెక్కతో మీ బోరు లెక్కను పోల్చి చూడాలి. మండలమంతా మట్టం నిలకడగా ఉండి మీ ఒక్క బోరే పడిపోతుంటే సమస్య మోటారులోనో, కేసింగ్‌లోనో, పక్కన కొత్తగా పడ్డ బోరులోనో ఉండొచ్చు.

3. మే నెలలో గ్యాప్ ఎంత?

అదే ట్యాంకు మే నెలలో నిండటానికి అరగంట పడితే? గంటకు 2,000, ఆరు గంటలకు 12,000 లీటర్లే. 18,000 లీటర్ల గ్యాప్. 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు నాలుగు కావాలి. దాన్ని మీ ఏరియా రేటుతో, 60 రోజులతో గుణిస్తే నీళ్లు ఉచితం అనే భ్రమ అక్కడే పోతుంది. ఇదే గ్యాప్‌లో లాన్‌కు పెట్టే 8,000 తీసేస్తే మిగిలేది 10,000. అంటే రెండు ట్యాంకర్లు చాలు. ఒక్క పచ్చగడ్డి మీద నిర్ణయంతో ట్యాంకర్ ఖర్చు సగమైంది.

4. ఎన్ని రోజులు తట్టుకుంటారు?

సంపులో ఉన్న నీళ్లను రోజువారీ వాడకంతో భాగించాలి. 60,000 లీటర్ల సంపు ఉంటే, మోటారు కాలిపోయిన రోజు నుంచి సరిగ్గా రెండు రోజులు. కొత్త మోటారు బిగించడానికి మూడు రోజులు పడితే? మూడో రోజు బుకింగ్స్ రద్దే. వ్యాపారానికి అన్నిటికంటే ముఖ్యమైన నంబర్ ఇదే.

5. ట్యాంకర్ ఎక్కడి నుంచి?

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. బోరు పోతే ట్యాంకర్ ఉందిలే అనుకుంటారు. కానీ ప్రైవేట్ ట్యాంకర్ నీళ్లూ దగ్గర్లో ఎవరి బోరులోంచో వచ్చినవే అయితే, అది రెండో సోర్స్ కాదు. మీ బోరు ఎండే రోజే అదీ ఎండుతుంది. అందరూ ఒకేసారి అడుగుతారు కాబట్టి రేటు కూడా ఆ రోజే పెరుగుతుంది. సరఫరాదారుడిని నీళ్లు ఏ ఊరివి, ఆ బోరుకు అనుమతి ఉందా అని ముందే అడగాలి. వేసవికి రేటు, రోజువారీ ట్రిప్పులు ఫిబ్రవరిలోనే కాగితం మీద రాసుకోవాలి.

ఎవరికి ఎంత దెబ్బ?

పాలీహౌస్ పూలు: జెర్బెరా మొక్కకు రోజుకు సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు కావాలి. ఎకరంలో 24,000 మొక్కలుంటే 12,000 నుంచి 18,000 లీటర్లు. ఒకసారి నాటితే రెండు మూడేళ్లు కోసుకునే పంట కాబట్టి, మేలో వారం రోజులు నీళ్లు తప్పితే పోయేది ఆ వారం పూలు మాత్రమే కాదు. మొక్కల మీద పెట్టిన పెట్టుబడి మొత్తం పోవచ్చు. ఇంకో సంగతి, లోతైన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువైతే జెర్బెరా తట్టుకోదు, డ్రిప్పర్లు కూడా మూసుకుపోతాయి. నీళ్లు ఉండటం ఒక్కటే సరిపోదు, ఏడాదికి రెండుసార్లు టెస్ట్ చేయించాలి.

కోళ్ల ఫారం: కోడి తినే మేతకు దాదాపు రెండింతల బరువు నీళ్లు తాగుతుంది. ఎండల్లో ఇంకా ఎక్కువ. పైన ఫాగర్లు, స్ప్రింక్లర్ల వాడకం అదనం. అవసరం ఎక్కువగా ఉండేది, బోరు తక్కువ పోసేది ఒకే నెలలో. మే నెలలో ఒక్క మధ్యాహ్నం నీళ్లు ఆగినా షెడ్డు నష్టం చూడాల్సిందే. ఇక్కడ కనీసం రెండు రోజుల తాగునీళ్లు విడి ట్యాంకులో ఉంచడం తప్పనిసరి.

ఫంక్షన్ హాల్: మే ముహూర్తానికి అడ్వాన్స్ ముందే తీసుకుంటారు. నీళ్లు మాత్రం ఆ రోజు చూసుకుందాం అంటారు. వెయ్యి మంది అతిథులు, మనిషికి 20 లీటర్లు అనుకున్నా ఒక్క పూటకు 20,000 లీటర్లు. ముహూర్తాల క్యాలెండర్ పక్కనే నీళ్ల క్యాలెండర్ కూడా ఉండాలి.

హాస్టళ్లు, కాలేజీలు: వాడకం ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. ఇక్కడ లీకేజీలే పెద్ద దొంగలు. రాత్రి అందరూ పడుకున్నాక మీటర్ తిరుగుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే.

డబ్బులు ఎక్కడ పెట్టాలి?

వాన నీళ్లు పట్టుకోవడమే అన్నిటికంటే చవక. చిన్న లెక్క చూడండి. ఎకరం పాలీహౌస్ కప్పు దాదాపు 4,000 చదరపు మీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 80 శాతం పట్టుకోగలిగితే 22 లక్షల లీటర్లకు పైనే. రోజుకు 15,000 లీటర్ల వాడకానికి అది దాదాపు 150 రోజుల నీళ్లు. పైగా ఉప్పులు లేని నీళ్లు. అంతా నిల్వ చేయడం కుదరకపోవచ్చు. పైన 25 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు, ఒడ్లు వాలుగా ఉన్న ఫాంపాండ్‌లో సుమారు 12 లక్షల లీటర్లు పడతాయి. కింద ప్లాస్టిక్ షీట్, పైన షేడ్ నెట్ వేస్తే ఇంకిపోవడం, ఆవిరైపోవడం తగ్గుతాయి.

హాస్టళ్లు, రిసార్టులకు రెండో దారి వాడిన నీళ్లే. స్నానాల గదుల నీళ్లు శుద్ధి చేసి లాన్‌కు, ఫ్లష్‌కు మళ్లిస్తే, పై ఉదాహరణలో లాన్‌కు పోయే 8,000 లీటర్ల మంచి నీళ్లు మిగులుతాయి. ఇంకుడు గుంతలు, బోరు రీచార్జ్ మూడో దారి. అయితే వాహనాలు కడిగిన నీళ్లు, పశువుల షెడ్డు నీళ్లు నేరుగా బోరులోకి దింపకూడదు. ఒకసారి కలుషితమైన పగులును మళ్లీ శుభ్రం చేయడం చాలా కష్టం.

మరి కొత్త బోరు? వేసేముందు వాల్టా చట్టం గుర్తుంచుకోవాలి. 2002 నాటి ఈ చట్టం ప్రకారం బోర్లకు రిజిస్ట్రేషన్, కొత్త బోరుకు ముందస్తు అనుమతి అవసరం. ప్రభుత్వ తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేయడంపై ఆంక్షలున్నాయి. నీటి వాడకం హద్దు దాటిన ప్రాంతమని ప్రకటిస్తే కొత్త బోర్లకే బ్రేక్ పడుతుంది. స్థలం కొనేవాళ్లు సర్వే నంబర్ వారీగా ఎఫ్‌టీఎల్, బఫర్, జీవో 111 స్థితిని సంబంధిత శాఖల నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. బ్రోకర్ మాట ఆధారం కాదు.

ఒక్కరి వల్ల కాదు.. పొరుగువాళ్లతో కలిస్తేనే

ఒక వ్యాపారి ఎంత పొదుపు చేసినా, కింద పగులు అందరిదీ. దీనికి తెలుగు రాష్ట్రాల్లోనే ఒక పాఠం ఉంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే ప్రాజెక్టు మొదలైంది. మహబూబ్‌నగర్, నల్గొండ, అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. రైతులే వాన కొలిచారు. బోర్లలో మట్టాలు కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకు కావాల్సినవెన్ని అని బడ్జెట్ వేసుకున్నారు. ఎవరూ ఎవరినీ ఆపలేదు. లెక్క గోడ మీద కనిపించేసరికి చాలామంది నీళ్లు తక్కువ తాగే పంటల వైపు మారారు.

రైతులు చేయగలిగింది వ్యాపారులూ చేయొచ్చు. ఒకే వాగు పక్కన ఉన్న నాలుగు రిసార్టులు, రెండు ఫారాలు, పది మంది రైతులు నెలకోసారి బోరు మట్టాలను ఒక వాట్సాప్ గ్రూప్‌లో పెట్టుకుంటే చాలు, ఎవరి బోరు ఎప్పుడు జారుతోందో అందరికీ తెలుస్తుంది. తలా ఒక కొత్త బోరుకు పెట్టే డబ్బులో కొంత కలిపి, అనుమతితో ఊరి కుంటలో పూడిక తీయిస్తే, ఊట అందరికీ పెరుగుతుంది. ఊరితో మాటా నిలబడుతుంది.

ఎప్పుడు ఏం చేయాలి?

జూన్ లోపు: కప్పుల పైపులు, ఇంకుడు గుంతలు, ఫాంపాండ్ శుభ్రం చేసుకోవాలి.

నవంబర్: వానలు ఆగాక బోరు మట్టం కొలిచి రాసుకోవాలి. వేసవి దాకా ఉన్న పెట్టుబడి ఇదే. నిరుటి కంటే తక్కువ ఉంటే కొత్త ప్లాంటింగ్, కొత్త బ్యాచ్ తగ్గించే నిర్ణయం ఇప్పుడే తీసుకోవాలి.

ఫిబ్రవరి: ట్యాంకర్ ఒప్పందం, స్పేర్ మోటారు, లీకేజీల రిపేర్ పూర్తి చేయాలి.

ఏప్రిల్, మే: ట్యాంకు నిండే సమయం నవంబర్‌తో పోలిస్తే ఒకటిన్నర రెట్లు దాటితే లాన్, ఫౌంటెన్, కార్ వాష్ ఆపాలి. రెండింతలు దాటితే బుకింగ్స్ తగ్గించాలి. ఈ గీతలు ముందే గీసుకుంటే, ఆ రోజు మేనేజర్ ఎవరికీ ఫోన్ చేయాల్సిన పని ఉండదు.

వీటిలో ఏదీ పెద్ద టెక్నాలజీ కాదు. ఒక మీటర్, ఒక నోట్‌బుక్, నెలకు ఒక గంట. ఈ నెల ట్యాంకు ఎన్ని నిమిషాల్లో నిండిందో రాసుకుంటే, మొదటి స్టెప్ అయిపోయినట్టే.